మెట్ల కింది సర్వరు

గది తలుపుకి బోర్డు బిగిస్తున్నంతసేపూ స్టూలు కదలకుండా పట్టుకున్నది సర్వరమ్మే.

అటెండరు పెదాల మధ్య రెండు స్క్రూలు కరిచిపెట్టుకుని, మూడోదాన్ని తిప్పుతూ, "సమంగా ఉందా అమ్మా?" అని ముద్దగా అడిగాడు.

ఆమె స్టూలు వదలకుండానే మెడ వెనక్కి వంచి చూసింది. బోర్డు గీత గీసినట్టు సమంగా ఉంది.

"కుడివైపు కాస్త ఎత్తు," అంది.

ఎత్తాడు.

"ఇంకాస్త."

ఇంకాస్త ఎత్తేసరికి బోర్డు ఓరగా తిరిగింది. "ఆఁ, ఇప్పుడు సరిపోయింది. బిగించెయ్," అంది.

నీలం మీద తెల్లటి అక్షరాలతో 'సిస్టమ్స్ మేనేజర్' అని ఉంది. లోపల కుర్చీ ఎత్తు సరిచేసుకుంటున్న చిట్టి తల బయటికి పెట్టి బోర్డు చూసుకుంది. ఓరగా ఉన్న సంగతి ఆమెకు కనబడనే లేదు. "ఇదంతా ఎందుకక్కా, నాకేదోలా ఉంది," అంది.

"ఏదోలా ఉండడానికేముంది? చక్కగా ఉంది," అంది సర్వరమ్మ, చేతులకంటిన స్టూలు దుమ్ము దులుపుకుంటూ.

చిట్టి ఆమెకు స్వయానా తోటికోడలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది, పొద్దున్నే ఒకే బస్సు. రక్తం, మూత్రం, కణితి ముక్కలు పరీక్షించే ఈ కేంద్రంలో చిట్టికి ఉద్యోగం వేయించింది కూడా ఆమే. చిట్టి కొత్తగా కాపురానికొచ్చినప్పుడు, "నీ చెల్లెలే అనుకుని ఎక్కడో ఒకచోట ఇరికించమ్మాయ్," అని అత్తగారు నోరు తెరిచి అడిగితే కాదనలేకపోయింది. కంప్యూటరు మొరాయించిందంటే చాలు, కింద కౌంటరు నుంచి పై అంతస్తు మైక్రోస్కోపుల గది దాకా ఎవరైనా "సర్వరమ్మా!" అనే కేకేసేవాళ్లు. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా బతికి లేదు.

పొద్దున డాక్టరుగారు ఆమెను పిలిచి మెత్తగానే చెప్పారు. "అనుభవం మీకుందమ్మా, కాదనను. కానీ తనిఖీకొచ్చేవాళ్లు సర్టిఫికెట్ అడుగుతారు. అది ఆ అమ్మాయికుంది. మీ ఇంటి పిల్లే కదా, పోస్టు మీకిచ్చినట్టే అనుకోండి."

"అంతేగా సార్," అని వచ్చేసింది. మెట్లు దిగుతుంటే ఆ మాట చేపముల్లులా గుచ్చుకుంది. తనకిచ్చినట్టే అయితే తనకే ఇవ్వొచ్చుగా?

ఆ మధ్యాహ్నమే కౌంటరులో లేబుళ్ల ప్రింటరు ఆగిపోయింది. సీసాల మీద అంటించే చిన్న చిన్న లేబుళ్లు రాక, కౌంటరు అమ్మాయి పెన్నుతో పేర్లు రాసి రాసి చెయ్యి విదిలించుకుంటోంది. రక్తం ఇవ్వడానికొచ్చినవాళ్లు గుమ్మం దాకా వరసకట్టారు. చిట్టి ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ప్రింటరు కంపెనీవాళ్లతో మాట్లాడుతూ కేబులు పీకి పెడుతోంది.

"పాత సర్వరులో ఉన్న సెట్టింగులు కొత్తదానిలోకి రాలేదనుకుంటా అక్కా," అంది చిట్టి. "అది చచ్చిపోయిన రోజు కంగారులో దొరికిందల్లా లాక్కున్నాను. ఇది మిగిలిపోయినట్టుంది."

అది చచ్చిపోయిన రోజు సర్వరమ్మ సెలవులో ఉంది. తిరిగొచ్చేసరికి, అన్నేళ్లుగా తను కనిపెట్టుకుని ఉన్న మెషీనుని మెట్ల కింద సామాన్ల గదిలో పడేశారు. అప్పటిదాకా దానికి తోడుగా ఉన్న రెండో సర్వరుని బలవంతంగా పెద్దదాన్ని చేసి, దాన్నే కొత్తదంటూ చిట్టి రాజ్యం నడిపిస్తోంది. పాతదానికి పోయింది కరెంటు డబ్బా ఒక్కటే. సర్వరమ్మ ఆ డబ్బా విప్పి ఇంటికి పట్టుకెళితే, రిపేరు షాపు నడిపే ఆమె భర్త ఇంకో డబ్బా చూసి ఇచ్చాడు. దాన్ని బిగించి, గదికి తాళం వేసి, తాళంచెవి హ్యాండుబ్యాగులో పడేసుకుంది.

ఇప్పుడు ఆ తాళం తీసింది. అట్టపెట్టెలు పక్కకి జరిపి, గోడలోంచి వచ్చే నెట్‌వర్కు కేబులు వెతికి పట్టుకుని పాతదానికి గుచ్చి, మీట నొక్కింది. మెషీను ముందు గురగురలాడింది, తర్వాత ఫ్యాను అందుకుంది. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసనకి ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది.

బయటికొచ్చేసరికి లేబుళ్లు టకటకా బయటికొస్తున్నాయి.

"మీ చెయ్యి పడితే చాలు సర్వరమ్మా!" అంది కౌంటరు అమ్మాయి, చిట్టి వినేలాగే. "ఏం మంత్రం వేశారు?"

"ఏముంది, పాత చుట్టరికం," అంది ఆమె.

చిట్టి ఫోను పెట్టేసి హాయిగా ఊపిరి పీల్చుకుంది. "ఎలా చేశావక్కా?"

"అదే వచ్చింది."

సెట్టింగులు కొత్తదానిలోకి ఎక్కించి పాతదాన్ని ఆపేయాలి. ఆ సంగతి ఆమెకు తెలుసు. రేపు ఆపుదాంలే అనుకుంది. ఇంటికెళ్లే బస్సులో చిట్టి ఆమె భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆ బరువుని ఆమె దించలేదు, అలాగని మోయాలనీ అనిపించలేదు.

మర్నాడు పొద్దుటి నుంచే గోల మొదలైంది.

నిన్ననే పాస్‌వర్డు మార్చుకున్న నర్సుకి కొత్తది పనిచేయలేదు, పాతది పనిచేసింది. ఆమెతోపాటే మార్చుకున్న పక్క సీటామెకి పాతది కాదు, కొత్తదే పనిచేసింది. మైక్రోస్కోపుల గదిలో టెక్నీషియను రిపోర్టు టైపు చేసి దాచిపెడితే కింద కౌంటరులో దాని జాడే లేదు. "నేను పెట్టానండీ, నా కళ్లతో చూశాను," అంటాడు ఆయన పైనుంచి. "పెడితే ఎక్కడికి పోతుందండీ, ఎలకెత్తుకుపోయిందా?" అంటుంది కౌంటరు అమ్మాయి కిందనుంచి. మధ్యలో చిట్టి చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతోంది, దిగుతోంది.

సర్వరమ్మ టెక్నీషియను పక్కన నిలబడి స్క్రీను చూసింది. ఫోల్డరు మీద చిన్న అక్షరాల్లో సర్వరు పేరుంది. అది పాతదాని పేరు.

సంగతి వెంటనే అర్థమైంది. నెట్‌వర్కులో పెద్ద సర్వరు ఒక్కటే ఉండాలి. ఎవరు లోపలికి రావచ్చో, ఎవరి ఫైళ్లు ఎక్కడ ఉండాలో అదే చెబుతుంది. పాతదానికి తన పదవి పోయిన కబురు ఎవరూ చెప్పలేదు. లేస్తూనే తనే పెద్దనని చెప్పుకుంటోంది. కొత్తదీ అదే చెబుతోంది. పొద్దున ఆన్ చేసిన కంప్యూటరుకి ఏది ముందు పలికితే అది దాని కిందకి పోతోంది. పైవాళ్లు ఒకదాని కింద, కిందవాళ్లు ఇంకోదాని కింద పడ్డారు.

కిందకెళ్లి ఒక్క కేబులు పీకితే సగం తీరిపోతుంది. కదలబోయింది కూడా. అప్పుడే మెట్ల దగ్గర డాక్టరుగారి గొంతు వినిపించింది.

"ఏంటమ్మా ఇది? నిన్ననేగా బోర్డు పెట్టాం! ఇన్నేళ్లలో ఎప్పుడూ లేని తలనొప్పి!"

"చూస్తున్నాను సార్," అంది చిట్టి, వినబడీ వినబడనట్టు.

ఇన్నేళ్లలో ఎప్పుడూ లేని! సర్వరమ్మ ఆ మాటని మనసులోకి తీసుకుని తలుపేసుకుంది. టెక్నీషియను, "ఏమైందంటారు?" అని అడిగితే, "మేనేజరుగారినే అడగండి," అని పెదవి విరిచి, టీ తాగడానికి వెళ్లింది. ఆ రోజు టీ చివరి చుక్క దాకా రుచిగా ఉంది.

సాయంత్రం ఇంటి గేటు తీస్తుంటే అత్తగారు పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడుతోంది. "మా చిన్నకోడలికి ప్రత్యేకం గది ఇచ్చారు. తలుపు మీద బోర్డు కూడా. పెద్దదీ అక్కడే చేస్తుందనుకోండి..."

ఆ 'అనుకోండి' దగ్గర సర్వరమ్మ గేటు గట్టిగా వేసింది.

భోజనాల దగ్గర చిట్టి అన్నం కెలుకుతూ కూర్చుంది. మరిది ఆమె వంక చూసి, "ఏంటి, కొత్త మేనేజరుగారికి ఆకలి లేదా?" అని వేళాకోళం ఆడాడు. చిట్టి కళ్లు నిండిపోయాయి. మరిది నాలిక్కరుచుకుని మంచినీళ్లు అందించాడు.

సర్వరమ్మ భర్త లోకం మరిచి తినే మనిషి. అప్పుడే తలెత్తి, "అవునూ, ఆ పాత పెట్టెకి నేనిచ్చిన డబ్బా..." అని మొదలుపెట్టాడు.

ఆమె గరిటె నిండా కూర తీసి అతని కంచంలో గుమ్మరించింది. "ముందు తినండి, చల్లారిపోతోంది."

"చాలే, చాలే! ఏనుగుకి పెడుతున్నావా?"

"ఏ డబ్బా బావగారూ?" అంది చిట్టి.

"మిక్సీదిలే," అంది సర్వరమ్మ. భర్త ఆమె మొహం చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మొహాన్ని చదవడం మాత్రం నేర్చుకున్నాడు. కూర కలుపుకున్నాడు.

తర్వాత గదిలో పక్క దులుపుతూ, "ఆ పిల్ల ఏడుస్తోంది," అన్నాడు.

"ఉద్యోగమన్నాక ఏడుపులుండవా? నేనేడ్చినప్పుడు ఎవరైనా చూశారా?"

"నువ్వెప్పుడేడ్చావు?"

ఆమె దుప్పటి ముసుగేసుకుంది.

మూడో రోజు చిట్టి బస్సులో ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇవాళ నాతో కాసేపు కూర్చుంటావా? నావల్ల కావట్లేదు."

బోర్డున్న గదిలోకి సర్వరమ్మ అడుగుపెట్టడం అదే మొదలు. చిట్టి తన కుర్చీ ఆమెకిచ్చి తను స్టూలు లాక్కుంది. కొత్త సర్వరు తన బాధలన్నీ రాసుకునే చిట్టా తెరిచి, వేలు పెట్టి చూపించింది. "ఇదిగో చూడు. ఇంకో పెద్ద సర్వరు ఉందంటోంది. దాని పేరు చూడు. మన పాతదే!"

సర్వరమ్మ స్క్రీను మీద నుంచి చూపు తిప్పలేదు.

"అది చచ్చిపోయింది కదా," అంది చిట్టి. "నేనే ఆ రోజు తప్పు చేసుంటానక్కా. పదవి బలవంతంగా లాక్కున్నాక పాతదాని పేరు లెక్కల్లోంచి తుడిచెయ్యాలి. ఎక్కడో మిగిల్చేసినట్టున్నాను. దాని దయ్యం తిరుగుతోంది. అంతే కదూ?"

తలుపు తెరిచినంత తేలిగ్గా నిజం చెప్పడానికి అదే సమయం. చిట్టి కళ్ల కింద నల్లగా ఉంది. గోళ్లు కొరికేసుకుంది. అయినా ఆ క్షణంలో సర్వరమ్మకి కనబడింది ఆ కళ్లూ గోళ్లూ కాదు, తను కూర్చున్న కుర్చీ. చేతులాన్చుకునే చోట మెత్తగా ఉంది. ఇన్నేళ్లూ తను కూర్చున్న కుర్చీకి చేతులే లేవు.

"అంతే అయ్యుంటుంది," అంది.

చిట్టి అది నమ్మింది. మధ్యాహ్నం దాకా ఒక్కో జాబితా తెరిచి, పాతదాని పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ తుడిచింది. తుడిచినచోటే మళ్లీ మొలిచింది. మళ్లీ తుడిచింది. పని తెలియని మనిషి చేసే తుడుపు కాదది. ప్రతి తుడుపుకీ ముందు ఒక నకలు దాచిపెట్టుకుంది, తర్వాత రెండు చోట్ల సరిచూసుకుంది. తను కూడా ఇంత శుభ్రంగా చేసుండదేమో. అది ఒప్పుకోవాల్సి రావడం సర్వరమ్మకి అన్నిటికన్నా ఎక్కువగా మండింది. ఈ పిల్లకి పని రాకపోయుంటే ఎంత బాగుండేది!

ఆ మంటతోనే లేచి కౌంటరు దగ్గరికొచ్చింది.

కౌంటరు ముందు ఒకావిడ నిలబడి ఉంది. చంకలో చేతిసంచి, పక్కన బల్ల మీద కడుపు పట్టుకుని ముడుచుకుని కూర్చున్న కూతురు. "నిన్నా ఇదే మాట చెప్పారు తల్లీ," అంటోంది ఆవిడ. గొంతులో కోపం లేదు, ప్రాధేయపడుతోంది. "మధ్యాహ్నంలోగా కాగితం చూపిస్తేనే ఆపరేషను అన్నారు ఆసుపత్రిలో. లేకపోతే ఇంకొకళ్లని పిలిచేస్తారట."

"రిపోర్టు ఇంకా రాలేదమ్మా. సర్వరు బాలేదు," అంది కౌంటరు అమ్మాయి. పొద్దుట్నుంచీ అదే పాట పాడి ఆమె గొంతు కూడా అరిగిపోయింది.

సర్వరమ్మ చీటీ మీద నంబరు చూసింది. పైకెళ్లి అడిగింది. "అది నిన్న పొద్దున్నే పూర్తి చేశానండీ," అన్నాడు టెక్నీషియను.

ఆమె మెట్లు దిగి, తాళం తీసి, పాతదాని ముందు గొంతుక్కూర్చుంది. రిపోర్టు అక్కడే ఉంది. అదొక్కటే కాదు, రెండు రోజుల రిపోర్టులు చీకట్లో ఒకదాని కింద ఒకటి పడున్నాయి. ఒక్కోటీ ఒక్కో మనిషిది. పేర్లు చదువుతూ పోతే తెర కిందకి జరుగుతూనే ఉంది.

ప్రింటు తీసి పరుగున తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ గోడ గడియారం వంక చూసింది. చెప్పిన గడువు అప్పటికే దాటిపోయింది. అయినా కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, సర్వరమ్మ చెయ్యి పట్టుకుని, "మీరు చల్లగా ఉండాలమ్మా. మీరొక్కరే పట్టించుకున్నారు," అంది. కూతుర్ని మెల్లగా లేపి, భుజం ఆనించుకుని, ఒక్కో అడుగే వేయిస్తూ బయటికి తీసుకెళ్లింది.

చెంప మీద కొట్టినా అంత బాధగా ఉండేది కాదు.

సర్వరమ్మ తిన్నగా బోర్డున్న గదిలోకి వెళ్లి, "లే," అంది.

"ఏంటక్కా?"

"రా, చెబుతాను."

మెట్ల కింద గదిలో దీపం వేసింది. అట్టపెట్టెల మధ్య పాత సర్వరు పచ్చటి కన్ను ఆర్పుతూ వెలిగిస్తూ గురగురలాడుతోంది. చిట్టి దాన్ని చూసింది, గోడలోంచి వచ్చిన కేబులు చూసింది.

"ఎప్పటి నుంచి?"

"లేబుళ్ల రోజు నుంచి."

"నీకెప్పుడు తెలిసింది?"

"మర్నాడు పొద్దున్న."

చిట్టి గోడకానుకుంది. "పొద్దుట్నుంచీ తుడుస్తున్నాను," అంది. "నా పక్కనే కూర్చున్నావు. నువ్వు చూస్తూ ఉండగా తుడుస్తున్నాను."

"అవును," అంది సర్వరమ్మ.

అరుస్తుందనుకుంది. చిట్టి అరవలేదు. ముక్కు తుడుచుకుని, మెషీను ముందు కూర్చుని, "ఆపెయ్యకు," అంది. "ఇప్పుడు ఆపితే దీనిలో పడ్డవన్నీ దీనిలోనే పోతాయి. ముందు కేబులు తియ్యి. కొత్తగా వచ్చి పడ్డ రిపోర్టులు తీసి నాకియ్యి. నేను పైన సర్దుతాను."

సర్వరమ్మ కేబులు తీసింది. ఇద్దరూ తలా ఒక చోటు పట్టుకున్నారు. అందరి కంప్యూటర్లూ ఆపించి మళ్లీ ఆన్ చేయించారు. కింద ఆమె తేదీలు చూసి రిపోర్టులు ఏరి పెన్‌డ్రైవులో ఇస్తే, పైన చిట్టి ఒక్కోదాన్నీ రోగి నంబరుతో సరిచూసి ఎక్కించింది. పనికి కావలసిన మాట తప్ప ఇంకో మాట లేదు. 'అక్కా' అన్న పిలుపు కూడా లేదు. అన్నీ ఎక్కాక చిట్టి స్వయంగా కిందికొచ్చి, పాతదాని మీట నొక్కింది. ఫ్యాను కాసేపు తిరిగి తిరిగి ఆగింది.

అప్పుడొచ్చారు డాక్టరుగారు. సామాన్ల గది గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "దొరికిందటగా! ఏమిటమ్మా అసలు సంగతి?"

సర్వరమ్మ చేతిలో పీకేసిన కేబులు ఉంది.

"పాత సర్వరు ఆన్‌లో ఉంది సార్," అంది చిట్టి. "ప్రింటరు కోసమని అక్క ఆన్ చేసింది. రెండూ ఒకేసారి ఉండకూడదని అక్కకి తెలియదు. నేను ముందే చెప్పాల్సింది. తప్పు నాదే."

డాక్టరుగారి మొహం విచ్చుకుంది. "ఓస్, ఇంతేనా! నేనేదో పెద్ద కొంప మునిగిందనుకున్నాను." సర్వరమ్మ వైపు తిరిగి, జాలిగా నవ్వారు. "పోనీలేండమ్మా, బాధపడకండి. మీరు పాతకాలం మనిషి. ఈ కొత్త సంగతులన్నీ మీకెలా తెలుస్తాయి? ఇకనుంచి చిట్టిని అడిగి ముట్టుకోండి, సరేనా?"

అంతటితో అయిపోయింది. తలూపితే చాలు. ఉద్యోగం ఉంటుంది, పరువు దక్కుతుంది, రేపు పొద్దున్న ఎప్పటిలా బస్సెక్కొచ్చు. చిట్టి ఆమె వైపు చూడకుండా చూస్తోంది, తలూపెయ్ అన్నట్టుగా.

సర్వరమ్మకి కూతుర్ని బయటికి నడిపించుకుపోయిన ఆవిడ మొహం గుర్తొచ్చింది. దాంతోపాటు, దానికన్నా గట్టిగా, ఇంకోటి కూడా లేచింది. తెలియదా? తనకా?

"తెలుసు సార్," అంది.

"ఏంటమ్మా?"

"రెండు పెద్ద సర్వర్లు ఒకేసారి ఉండకూడదని నాకు తెలుసు. ఈ అమ్మాయి కాలేజీలో చేరకముందు నుంచీ తెలుసు. ఆన్ చేసినప్పుడు అశ్రద్ధ చేశాను. మర్నాడు చూసి కూడా ఊరుకున్నాను. తెలిసే ఉంచాను."

డాక్టరుగారి నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "ఎందుకు?" అన్నారు.

"ఈమెకు మాట రావాలని."

చిట్టి తల దించుకుంది. డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చెయ్యి చాపారు. ఆమె సామాన్ల గది తాళంచెవి అందులో పెట్టింది. సర్వరుగది తాళంచెవి కూడా తీసి పెట్టింది. ఆయన తీసుకుని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం బస్సులో చిట్టి ముందు సీట్లో కూర్చుంది. దిగేముందు మాత్రం వెనక్కి తిరిగి, "నేను సర్దేశాను కదా. ఎందుకు చెప్పావు?" అంది.

"తెలియదన్నావు," అంది సర్వరమ్మ.

చిట్టి ఆమెను అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమైనట్టు చూసింది. ఆ రెండో చూపులో కోపం పూర్తిగా పోలేదు. "అబ్బ, ఏం మనిషివే నువ్వు," అని దిగిపోయింది. ఏకవచనం ఎప్పుడూ ఉన్నదే. ఆ 'వే' మాత్రం కొత్త.

డాక్టరుగారు ఆమెను పంపించెయ్యలేదు. మర్నాటి నుంచి కౌంటరులో కూర్చోమన్నారు. సర్వర్లకీ ఆమెకీ ఇక సంబంధం లేదని, ఆమె పేరు మీదున్న అధికారాలన్నీ తీసేయమని చిట్టికి కాగితం పంపారు. కౌంటరు అమ్మాయి కుర్చీ ఇటు జరిపి, అటు జరిపి, ఆమెకు చోటిచ్చింది.

సర్వరమ్మ కూర్చుని పేరు కొట్టింది. కంప్యూటరు ఆమెను లోపలికి రానివ్వలేదు. ఇంకోసారి కొట్టింది. రానివ్వలేదు. వరసలో నిలబడ్డవాళ్లు చూస్తున్నారు.

చిట్టి మెట్లు దిగి వచ్చింది. ఆమె భుజం మీదుగా వంగి, టకటకా ఏవో కొట్టింది. ఆ వేళ్ల వేగం చూస్తే సర్వరమ్మకి మళ్లీ కడుపులో చిన్న మంట. పోతుందనుకుంది, పోలేదు. ఇక ఇది తనతోనే ఉంటుంది కాబోలు.

స్క్రీను మీద ఖాళీ పెట్టె తెరుచుకుంది. కొత్త పాస్‌వర్డు అడుగుతోంది.

"నీకిష్టమైంది పెట్టుకో అక్కా," అంది చిట్టి. అని, సర్వరమ్మ వేళ్లు చూడకుండా, వీధివైపు మొహం తిప్పుకుని నిలబడింది.